పిల్లల గదికి ఇంకా ఏం కొనాలి?

ప్రశ్న:
మూడు, నాలుగేళ్ల పిల్లలుండే డే కేర్ గది కొత్తగా నా చేతికొచ్చింది. గోడల నిండా చార్టులు, పైనుంచి వేలాడే బొమ్మలు ఉన్నాయి. సామాన్లన్నీ గోడవారగా సర్ది మధ్యలో ఖాళీ ఉంచారు. పిల్లలు ఈ గోడ నుంచి ఆ గోడకు ఒకటే పరుగులు. కొత్తగా చేరినవాళ్లు గుమ్మం దాటకుండా ఏడుస్తున్నారు. గది ఆకర్షణీయంగా ఉండాలంటే ఇంకా ఏం కొనాలి?

జవాబు:
ఏమీ కొనకండి. ముందు కొన్ని తీసేయండి. గుమ్మంలో నేల మీద కూర్చుని ఓసారి గదిని చూడండి, పిల్లలకు కనిపించేది అదే. మనం ముచ్చటపడి అంటించిన చార్టులు వాళ్ల కళ్లకు అందనంత పైన ఉంటాయి. పైగా 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కిండర్‌గార్టెన్ పిల్లలకు పాఠాలు చెప్పి చూస్తే, గోడల నిండా అలంకరణ ఉన్నప్పుడు వాళ్ల ధ్యాస ఎక్కువ చెదిరింది, నేర్చుకున్నది తగ్గింది. గోడలు బోసిగా ఉంచమని కాదు. పిల్లలు వేసిన బొమ్మలు, వాళ్ల ఇంట్లోవాళ్ల ఫొటోలు వాళ్ల కళ్ల ఎత్తులో పెట్టండి.

ఆ పరుగులకు కారణం మధ్యలో ఉన్న ఖాళీ. పిల్లల భుజాల ఎత్తు మించని అరల్ని అడ్డంగా పెట్టి గదిని మూలలుగా విడగొట్టండి. మీరు నిలబడితే అందరూ కనిపించాలి. బ్లాక్స్ మూలకు పుస్తకాల మూల దూరంగా ఉండాలి. బ్లాక్స్ కింద మందపాటి కార్పెట్ వేస్తే చప్పుడు బాగా తగ్గుతుంది. రంగులతో ఆడే చోటు నీళ్లకు దగ్గరగా ఉంటే చాలు.

ఏడ్చే పిల్లల సంగతి నాకు అన్నిటికన్నా ముఖ్యం. గుమ్మం పక్కనే అమ్మానాన్నలు కాసేపు కూర్చోవడానికి ఒక బెంచీ వేయండి. ప్రతి బిడ్డకూ సొంత కొక్కెం, దాని పైన తన ఫొటో ఉండాలి. ‘ఇక్కడ నాకంటూ ఒక చోటుంది’ అని మాటల్లో చెబితే ఆ వయసులో ఎక్కదు, చూస్తే తెలుస్తుంది. ఇద్దరు ముగ్గురు పట్టే మెత్తటి మూల ఒకటి ఉంచండి. అలిసిపోయిన బిడ్డ అక్కడికి తనంతట తాను వెళ్లాలి. దాన్ని శిక్షకు మాత్రం వాడకండి.

ప్రశ్న:
చాలా థ్యాంక్సండీ. అరలు మధ్యలో పెడితే పిల్లలు ఎక్కి మీదికి లాక్కుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

మరొకరి జవాబు:
మధ్యలో పెట్టేవి పొట్టిగా, అడుగుభాగం వెడల్పుగా ఉండాలండీ. రెండింటిని వీపులు ఆనించి కలిపి బిగించండి. బరువైనవి అట్టడుగు అరలోనే పెట్టండి. చక్రాలుంటే లాక్ చేయండి. ఎత్తైన బీరువాలేమైనా ఉంటే గోడకు స్క్రూలతో బిగించాకే పిల్లల్ని లోపలికి రానివ్వండి.