హెవీ గేటు వెల్డింగ్ మంచిదో కాదో కంటితో చూసి చెప్పగలమా?

హోరమావు ఇల్లు: బెంగళూరు హోరమావులో మా ఇంటి మెయిన్ గేటు రెండు తలుపులది. ఒక్కో తలుపు 2 మీటర్ల వెడల్పు, బరువు 300 కిలోల దాకా ఉంటుంది. పెట్టించి ఏడాది కూడా కాలేదు, కుడి తలుపు కిందికి జారి నేలకు రాసుకుంటోంది. పై కీలు దగ్గర, వెల్డింగ్‌కు ఆనుకుని పిన్ను (కీలు తిరిగే ఇరుసు కడ్డీ) వైపు సన్నటి చీలిక కనిపించింది, గోరు పెడితే తగులుతుంది. చేసిన షాపాయన వచ్చి చూసి, "వెల్డింగ్ ఊడలేదు కదా, ఇనుము చీలింది, దానికి నేనేం చేసేది" అని వెళ్లిపోయాడు. డబ్బు తీసుకున్న రోజు అదే వెల్డింగ్ చూపించి, చేప పొలుసులా ఎంత నీట్‌గా పడిందో చూడండి అన్నదీ ఆయనే. పెయింటు వేయకముందే మనలాంటివాళ్లు చూసి మంచిచెడ్డలు చెప్పడం సాధ్యమేనా?

పీణ్య ఫ్యాబ్రికేషన్: సాధ్యం కాదు సార్. చిన్నప్పటి నుంచి ఇదే పనిలో ఉన్నాను. కరెంట్ తక్కువ పెట్టి, వెల్డింగ్ రాడ్ మెల్లగా ఆడిస్తే పైకి ఎంతో అందంగా పడుతుంది. కింద ఇనుము కరిగి ఉండదు, వెల్డింగ్ పైన అతుక్కుని ఉంటుందంతే. అందం చూసి మార్కులు వేస్తే మోసపోయేది మీరే. ఇంకో మాట, ఆ షాపతను చెప్పింది కరెక్టే. వెల్డింగ్ తెగలేదు.

రిటైర్డ్ క్యూసీ (క్వాలిటీ కంట్రోల్): సగం మాత్రమే నిజం. లోపల పట్టిందో లేదో కంటికి తెలియదు, ఒప్పుకుంటాను. కానీ చెడ్డ వెల్డింగ్ చాలాసార్లు తనంతట తానే దొరికిపోతుంది. అంచు వెంబడి ఇనుము కోసుకుపోయి గాడి పడిందా, దాన్ని అండర్‌కట్ అంటారు. సూదిగుంటలు ఉన్నాయా? రాడ్ ఎత్తేసిన చివర గుంట నింపారా, అలాగే వదిలేశారా? కీలు ప్లేటు చుట్టూ పూర్తిగా వేశారా, కనబడే రెండు వైపులే వేసి వెనక వదిలేశారా? ఇవి చూడటానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, టార్చ్‌లైటూ చిన్న అద్దమూ చాలు. చూడాల్సింది మాత్రం గ్రైండింగ్‌కు, లప్పానికి ముందు. నా దృష్టిలో కీలు దగ్గర గ్రైండింగ్ చేయడమే నేరం.

సర్జాపుర రోడ్డు: మా గేటుకు లప్పం ఊడిపోతే కింద టాకాలు, అంటే అక్కడక్కడ వేసిన చుక్క వెల్డింగ్, తప్ప ఏమీ లేవు. ఫుల్ వెల్డింగ్ అని డబ్బు తీసుకున్నారు.

పీణ్య ఫ్యాబ్రికేషన్: గ్రైండింగ్ మేం సరదాకి చేస్తామా? కస్టమర్ వేలితో తడిమి, గరుకుగా ఉంది, నున్నగా చేయమంటాడు. చేయకపోతే బ్యాలెన్స్ ఇవ్వడు. నున్నగా చేస్తే మీలాంటి పెద్దలు నేరం అంటారు.

రిటైర్డ్ క్యూసీ: ఫ్రేమ్ నున్నగా చేసుకోండి, ఎవరు వద్దన్నారు? కీలు వదిలేయండి. లెక్క చూడండి. తలుపు బరువు 300 కిలోలు, ఆ బరువు కీలు గీత నుంచి 1 మీటరు దూరంలో పనిచేస్తుంది. రెండు కీళ్ల మధ్య 1.5 మీటర్లు ఉందనుకుంటే, పై కీలును స్తంభం నుంచి బయటికి లాగే బలం 200 కిలోలు. తలుపు కదిలినా కదలకపోయినా ఆ లాగుడు ఆగదు.

పీణ్య ఫ్యాబ్రికేషన్: లెక్క నాకూ వచ్చు సార్. 6 మిల్లీమీటర్ల ఫిల్లెట్, అంటే రెండు ముక్కలు కలిసే మూలలో వేసే వెల్డింగ్, ఒక్క సెంటీమీటరు పొడవు చాలు, ఇంజనీరింగ్ కోడ్ ప్రకారమే 400 కిలోల పైన మోస్తుంది. ఈయన కీలుకు అంతకంటే ఎన్నో రెట్లు పడి ఉంటుంది. అందుకే చెబుతున్నా, తెగింది వెల్డింగ్ కాదు, పిన్ను.

హోరమావు ఇల్లు: వెల్డింగా పిన్నా అన్నది నాకెందుకండీ? ఆ తలుపు పక్కనే మా పిల్లలు సైకిల్ తొక్కుతారు.

రిటైర్డ్ క్యూసీ: అన్నా, మీరు ఆ ఒక్క మాట పట్టుకుని వదలడం లేదు. కీలు పిన్నుకు చాలామంది ఏం వాడతారు? ఈఎన్8 అనే స్టీలు షాఫ్ట్ ముక్క. అందులో కార్బన్ సుమారు 0.4 శాతం. మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్)లా దాన్ని వెల్డ్ చేస్తే, పక్కన వేడి తగిలిన పట్టీ గట్టిపడి పెళుసవుతుంది. దానికి తోడు రాడ్‌లో చెమ్మ. జూన్ నుంచి అక్టోబరు దాకా బెంగళూరు గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు, 6013 రకం రాడ్ల ప్యాకెట్ చింపి రోజుల తరబడి బల్ల మీదే పడేస్తారు. ఆ చెమ్మలోని హైడ్రోజన్ ఇనుములోకి దిగుతుంది. చీలిక అప్పటికప్పుడే కనిపించదు, మర్నాడో ఆ మర్నాడో వస్తుంది. మొదట వెంట్రుకంత ఉండి, తలుపు తీసి మూసే కొద్దీ పెరుగుతుంది. వెల్డింగ్‌లో కాదు, వెల్డింగ్ పక్కనే, ఈయన చెప్పిన చోటే. దానికి బాధ్యత ఇనుముదా? పిన్ను ముందుగా వేడి చేసి, హైడ్రోజన్ తక్కువ ఇచ్చే 7018 రకం రాడ్ ఎండబెట్టి వాడి, మెల్లగా చల్లారనిచ్చి ఉంటే వచ్చేదా? కుర్రాళ్లు పెయింటు తొందరలో వేడి కీలు మీద చెంబుతో నీళ్లు కుమ్మరించడం నేనే చూశాను.

కె.ఆర్.పురం: నీళ్లు పోయడం మా వీధి షాపులో రోజూ చూస్తాను. తప్పని ఇప్పుడే తెలిసింది.

పీణ్య ఫ్యాబ్రికేషన్: ఓవెన్ పెట్టి రాడ్ ఎండబెట్టాలి, పిన్ను వేడి చేయాలి, రెండు రోజులు ఆగి చూడాలి. అంతా ఫ్యాక్టరీ మాటే. గేటుకు రేటు ఎలా కడతారో చెప్పండి సార్. కిలో లెక్క. తూకంలో తూగేది ఇనుము. వెల్డర్ పనితనం ఏ కాటాలో తూగుతుంది? మందం పైపు వేస్తే నాకు డబ్బు వస్తుంది, కీలు మీద పూట ఎక్కువ కూర్చుంటే కూలీ నా చేతి నుంచి పోతుంది. హోరమావు సార్, నిజం చెప్పండి, కిలోకి ఎంత తగ్గించారు? నాలుగు షాపులు తిరిగి అందరికంటే తక్కువ చెప్పినవాడికి ఇచ్చి ఉంటారు.

హోరమావు ఇల్లు: బేరమాడాను, ఆడనివాడెవడు? ఆ రేటుకు ఒప్పుకున్నది ఆయన. కుదరకపోతే కుదరదనాలి. ఒప్పుకుని కనబడని చోట తగ్గిస్తే దాన్ని బేరం అనరు. కీలుకు ఇంత అదనం అవుతుంది, లేకపోతే ప్రమాదం అని ఒక్క మాట చెప్పి ఉంటే ఇచ్చేవాణ్ని.

పీణ్య ఫ్యాబ్రికేషన్: చెప్పాను సార్, చాలామందికి. ఎక్కువ చెబుతున్నాడని పక్క షాపుకు పోయారు. ఆ గేట్లు జారాక మాత్రం రిపేరుకు నా దగ్గరికే తెచ్చారు.

రిటైర్డ్ క్యూసీ: ఇప్పుడు మనసులో మాట బయటపడింది. మీ కష్టం అబద్ధం అనను. కానీ కిలో రేటు సరిపోలేదని కీలు చీలితే, దెబ్బ తగిలేది బేరమాడినాయనకు కాదు, వాచ్‌మన్‌కు.

వైట్‌ఫీల్డ్ సెక్రటరీ: మా అపార్ట్‌మెంట్‌కు వచ్చే నెల ఇలాంటి గేటే చేయిస్తున్నాం. ఆర్డర్‌లో ఏం రాయించాలి?

పీణ్య ఫ్యాబ్రికేషన్: కీళ్లకు, స్తంభం ప్లేట్లకు వేరే లైను రాయించండి, కిలోలో కలపకండి. పిన్ను ఏ స్టీలో అడగండి. ఎంఎస్ పిన్ను అయితే కొంచెం లావు వేయించుకోండి, ఈఎన్8 అంత టెన్షన్ ఉండదు.

రిటైర్డ్ క్యూసీ: ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. వెల్డింగ్ అయ్యాక రెండు రోజులు ప్రైమర్ వేయొద్దని రాయండి. మూడో రోజు డై పెనెట్రెంట్ టెస్ట్ చేయించండి. శుభ్రం చేసి ఎర్ర రంగు కొట్టి, పది నిమిషాలాగి, తుడిచి, తెల్లది కొడతారు. చీలిక పైకి తెరుచుకుని ఉంటే తెల్లటి మీద ఎర్ర గీత వస్తుంది. లోపలి లోపం దొరకదు, అది గుర్తుంచుకోండి. హోరమావు గారూ, మీరూ చేయించండి. పెయింటు వైర్ బ్రష్‌తో తీయించండి, గ్రైండర్ పెడితే చీలిక నోరు మూసుకుపోతుంది.

హోరమావు ఇల్లు: రేపే చేయిస్తాను. తలుపు ఇవాళే దింపించేశాను. ఎర్ర గీత పిన్ను వైపే వస్తే, కొత్త కీలు ఖర్చు నేనెందుకు పెట్టాలి?

పీణ్య ఫ్యాబ్రికేషన్: ఈఎన్8 పిన్ను మీరే తెచ్చిచ్చారా, ఆయన వేశాడా? ముందు అది చెప్పండి.

హోరమావు ఇల్లు: ఆయనే వేశాడు. పిన్నుకు వేరే స్టీలు వాడతారనే నాకు తెలియదు.

పీణ్య ఫ్యాబ్రికేషన్: అయితే కీలు ఖర్చు ఆయనదే. దింపి ఎక్కించే కూలీ మాత్రం సగం సగం అడగండి.

హోరమావు ఇల్లు: సగం కూడా ఎందుకో నాకు అర్థం కాలేదు.