చెవులకు ఊలు బ్యాండ్: రెండు సూదులా, క్రోషియానా?

పాలకొల్లు బండి: ధనుర్మాసం మంచులో తెల్లారకుండానే భీమవరం బయల్దేరాలి. చెవులు గడ్డకట్టేస్తున్నాయి. హెల్మెట్ కింద పట్టే ఊలు బ్యాండ్ దేనితో అల్లిస్తే మంచిది?

మొగల్తూరు మేష్టారు: రెండు సూదులతోనే. 4 మిల్లీమీటర్ల సూదులు, మరీ లావు కాని ఊలు. 20 కుట్లు ఎక్కించి, అటూ ఇటూ ఒకే కుట్టుతో 48 సెంటీమీటర్లు అల్లి, రెండు కొసలూ కలిపి కుట్టేయడమే. తల చుట్టుకొలత 55 ఉన్నా ఫర్వాలేదు, సాగి బిగుతుగా పడుతుంది. కొక్కెం సూదితో అల్లే క్రోషియా సాగదు, పైగా మందం. హెల్మెట్ దిగదు.

నర్సాపురం కోడలు: సాగదని ఎవరన్నారండీ? బ్యాండ్ వెడల్పుకు గొలుసు వేసి, ప్రతి వరుసా వెనక పోగులోంచే సూది దూర్చి అల్లితే చక్కగా సాగుతుంది. 1844 నుంచి క్రోషియాతో లేసు అల్లుతున్న ఊరండీ మాది!

గోదారి గాలి: మంకీ క్యాప్ కొనుక్కో అన్నాయ్. గొడవ వదిలిపోద్ది.

మొగల్తూరు మేష్టారు: మీ ఊరికి అప్పట్లో మిషనరీలు నేర్పింది సన్న నూలు లేసు. టేబుల్ గుడ్డలకు పనికొస్తుంది, చెవులకు కాదు. సాగడం సంగతి చెప్పండి.

పాలకొల్లు బండి: మా వీధిలో ఒకావిడ లేసు అల్లుతుంది. ఊలు నేనే కొనిస్తా. ఓ యాభై ఇస్తే చాలుగా? కూర్చుని చేసే పనేగా.

నర్సాపురం కోడలు: కూర్చుని చేసే పనా! మా అత్తగారు మెడ వంచి అల్లీ అల్లీ ఇప్పుడు తల తిప్పలేరు. ఏజెంటు ముక్కకింత అని లెక్కగట్టేవాడు, దారం తూకం తగ్గిందని అందులోనూ కోత. 2024లో మా లేసుకు జీఐ ట్యాగ్, అంటే ఈ ఊరి సరుకేనన్న సర్కారు గుర్తింపు, వచ్చిందని ఊరంతా సంబరం, మా ఇంట్లో ముక్క రేటు మాత్రం అదే. మీరేమో సాగుడు పట్టుకుని వేలాడుతున్నారు.

మొగల్తూరు మేష్టారు: అందుకేనమ్మా ఎవరి బ్యాండ్ వాళ్లే అల్లుకోమనేది. నాది నేనే అల్లుకున్నా. మగాడు సూది పట్టకూడదా?

నర్సాపురం కోడలు: అందరూ అల్లేసుకుంటే అల్లి బతికేవాళ్లు ఏం తినాలి? పని ఇవ్వండి, డబ్బు సరిగా ఇవ్వండి. అంతే.

పాలకొల్లు బండి: సరే, ఎంతిమ్మంటారు?

నర్సాపురం కోడలు: ఆవిణ్ణే అడగండి. ఎన్ని గంటలు పడుతుందో కూడా అడగండి. బేరం మాత్రం ఆడకండి.

మొగల్తూరు మేష్టారు: ఎంతైనా ఇవ్వండి. క్రోషియా సాగదు.