కణాల పెరుగుదలకు సిగ్నల్ ఇచ్చే ప్రోటీన్లు, అంటే గ్రోత్ ఫ్యాక్టర్లు, కణానికి ఆజ్ఞ ఇస్తాయా, కబురు మాత్రమే అందిస్తాయా?

ల్యాబ్‌వాసి:
నా లెక్కలో అది ఆజ్ఞే. జీవరసాయన శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు లాలాజల గ్రంథి సారం ఇంజెక్ట్ చేస్తే, దాదాపు రెండు వారాలకు తెరుచుకోవాల్సిన కళ్లు వారానికే తెరుచుకున్నాయి. ఆ సారంలో బయటపడిందే ఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్, 53 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. కోడి పిండంలో ఇంకా గట్టి సాక్ష్యం ఉంది. రెక్కకూ కాలికీ మధ్య, ఏమీ మొలవని పక్కభాగంలో ఎఫ్‌జీఎఫ్ అనే మరో గ్రోత్ ఫ్యాక్టర్‌లో నానిన పూస పెడితే అదనపు అవయవమే మొలిచింది. ఇది ఆజ్ఞ కాదంటే ఎలా?

పిండశాస్త్ర విద్యార్థి:
ఆ ప్రయోగంలో మిగతా సగం కూడా చెప్పండి. పూస రెక్క వైపు ఉంటే రెక్క వచ్చింది, కాలి వైపు ఉంటే కాలు వచ్చింది. ప్రోటీన్ అదే. ఏది కట్టాలన్నది అక్కడి కణాల్లో ముందే ఉంది, ఎఫ్‌జీఎఫ్ మొదలుపెట్టమంది అంతే. పైగా కణం మీద ఉండి ఎఫ్‌జీఎఫ్ అందుకునే ప్రోటీన్లలో, అంటే రిసెప్టర్లలో, ఒకటైన ఎఫ్‌జీఎఫ్ఆర్3 జన్యు మార్పు (మ్యుటేషన్) వల్ల అతిగా పనిచేస్తే ఎముకలు పొడవు పెరగవు, పొట్టిగా ఉండిపోతాయి. అకాండ్రోప్లేసియా అనే మరుగుజ్జుతనం అంటే అదే. మృదులాస్థి కణం ఆ సిగ్నల్‌ను ‘ఆగు’ అని అర్థం చేసుకుంటుంది.

ల్యాబ్‌వాసి:
సరే, ఎముకల వైద్యుడు మార్షల్ యూరిస్ట్ 1965లో చూపించినదాని సంగతేంటి? ఖనిజాలు తీసేసిన ఎముక ముక్కను కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుట్టింది. ఆ పని చేయించింది బీఎంపీ అనే గ్రోత్ ఫ్యాక్టర్ ప్రోటీన్లని తర్వాత తేలింది. కండరానికి ఎముక కట్టాలని ముందే తెలుసా?

పిండశాస్త్ర విద్యార్థి:
కండరపు తంతువులు ఎముకగా మారలేదండీ. ఆ కణజాలంలో ఇంకా ఏ దారీ పట్టని కణాలు ఉంటాయి, మారినవి అవి.

సిగ్నల్ పాఠకుడు:
మీ ఇద్దరూ వదిలేస్తున్నది సమయం. ల్యాబ్‌లో పెంచే పీసీ12 అనే కణాలకు ఈజీఎఫ్ ఇస్తే విభజన చెందుతాయి, ఎన్‌జీఎఫ్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ ఇస్తే విభజన ఆపి నాడీకణాల్లా పోగులు చాస్తాయి. లోపల రెండూ నడిచేది ఈఆర్‌కే అనే ప్రోటీన్ ద్వారా సాగే సిగ్నల్ దారిలోనే. ఈజీఎఫ్ సిగ్నల్ కాసేపట్లో చల్లారిపోతుంది, ఎన్‌జీఎఫ్ సిగ్నల్ గంటల తరబడి నిలుస్తుంది. నాకు అన్నిటికన్నా అబ్బురం అనిపించేది దీని తర్వాతి మెలిక. కణం మీద ఈజీఎఫ్ రిసెప్టర్ల సంఖ్య బాగా పెంచితే ఈజీఎఫ్‌తో కూడా పోగులు వస్తాయి! అంటే తూకం కణం చేతిలోనే ఉంది. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో ఈజీఎఫ్ రిసెప్టర్ కుటుంబానికే చెందిన హెచ్ఈఆర్2 రిసెప్టర్లు కుప్పలుగా పెరుగుతాయి. అక్కడ ట్రాస్టుజుమాబ్ అనే మందు పట్టుకునేది కూడా రిసెప్టర్‌నే, గ్రోత్ ఫ్యాక్టర్‌ను కాదు.

ల్యాబ్‌వాసి:
రిసెప్టర్ మాట ఒప్పుకుంటాను. బీఎంపీ దగ్గర మాత్రం తగ్గను. దారి పట్టని ఆ కణాలు బీఎంపీ రాకపోతే కండరంలో అలాగే ఉండిపోయేవి. ఎముక దారి చూపించింది బయటి నుంచి వచ్చిన ప్రోటీనే.