ఈ ఫ్లాట్ (E♭) ట్యూబానా, బి ఫ్లాట్ (B♭) ట్యూబానా: వేళ్లను దేనికి అలవాటు చేసుకోవాలి?

కడప కొత్త వాయిద్యగాడు:
మా చిన్నాన్న పెళ్లి బ్యాండులో ఊదిన ఈ ఫ్లాట్ ట్యూబా, అంటే మూడు వాల్వులు (వేళ్లతో నొక్కే మీటలు) ఉండి కింది స్వరాలు పలికే పెద్ద ఇత్తడి బాకా, నా చేతికి వచ్చింది. నేను చూసిన వీడియో పాఠాలేమో బి ఫ్లాట్ ట్యూబావి. దీన్నే సాధన చేయాలా, అమ్మి బి ఫ్లాట్ కొనాలా? పెద్దలు చెప్పగలరు.

ప్రొద్దుటూరు బ్యాండు మాస్టరు:
అమ్మవద్దు నాయనా. హార్మోనియం మెట్లలో చెప్పాలంటే మొదటి వాల్వు రెండు మెట్లు, రెండోది ఒక మెట్టు, మూడోది మూడు మెట్లు కిందికి దించుతుంది. ఏ శ్రుతి ట్యూబాలోనైనా ఈ లెక్క మారదు. వాల్వు నొక్కకుండా పలికే స్వరాన్ని షడ్జమంగా పట్టుకొని సాధన చేస్తే, రేపు ఏ బేసు (ట్యూబా) చేతికిచ్చినా వేళ్లు అవే నడుస్తాయి. ఇంగ్లండు బ్రాస్ బ్యాండ్లలో కార్నెట్టు అనే చిన్న బాకా నుంచి పెద్ద బేసు దాకా దాదాపు అందరికీ ఒకే ట్రెబుల్ క్లెఫ్‌లో (క్లెఫ్ అంటే ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తు), వేళ్లు మారకుండా రాసివ్వడం ఇందుకే.

అనంతపురం శ్రుతి:
మాస్టరు గారూ, లెక్క నిజమే. కానీ ట్రంపెట్లు, క్లారినెట్లు ఉన్న మన బ్యాండు ఆరున్నర శ్రుతిలో, అంటే బి ఫ్లాట్‌లో ఎత్తుకుంటే, బి ఫ్లాట్ ట్యూబాలో షడ్జమమూ, దాని కింది పంచమమూ వాల్వు నొక్కకుండానే పలుకుతాయి. ఈ ఫ్లాట్ ట్యూబాలో ఆ పంచమానికి ఒకటి, మూడు కలిపి నొక్కాలి. ఆ జోడీ శ్రుతి మించి పైకి పోతుంది. ఇంగ్లండులో బ్లెయిక్లీ రూపొందించిన కాంపెన్సేటింగ్ ఏర్పాటు (వాల్వులు కలిపి నొక్కినప్పుడు తగ్గిన గొట్టం పొడవును తానే కలిపేది) ఇలాంటి దోషాన్ని సరిచేయడానికే పుట్టింది.

కర్నూలు ఇత్తడి:
అసలు 1835లో బెర్లిన్‌లో వీప్రెహ్ట్, మోరిట్జ్ అనేవారు పేటెంటు పొందిన మొదటి ట్యూబా ఈ రెండు శ్రుతులదీ కాదు, ఎఫ్ శ్రుతిది.

ప్రొద్దుటూరు బ్యాండు మాస్టరు:
ఆ పంచమాన్ని నేను ముప్పై ఏళ్లుగా పెదవితోనే దించుతున్నాను. మే నెల ఊరేగింపులో గొట్టంలో గాలి వేడెక్కి వాయిద్యమంతా పైకి పోతున్నప్పుడు కాపాడేది చెవి ఒక్కటే. కాగితం పట్టుకున్నవారికి అది అర్థం కాదు.

అనంతపురం శ్రుతి:
నొచ్చుకుని చెబుతున్నాను. మా నాన్నగారు కూడా మీలాగే షడ్జమాన్ని పట్టుకొని ఇరవై ఏళ్లు బేసు ఊదారు. ఒకసారి పరాయి ఊరిలో రికార్డింగుకు పిలిచి, బేస్ క్లెఫ్‌లో (కింది స్వరాలకు వాడే క్లెఫ్), పలికే అసలు శ్రుతికే రాసిన కాగితం ముందు పెట్టారు. ఆయన చదవలేకపోయారు. వాయిద్యాన్ని సంచిలో పెట్టుకొని, బస్సు ఛార్జీ కూడా అడగకుండా తిరిగి వచ్చారు. అందుకే ఏ ట్యూబాకు ఆ ట్యూబా వేళ్లను విడిగా నేర్చుకోవాలని అంటున్నాను. మీ పద్ధతి బ్యాండులో నిలబెడుతుంది, బ్యాండు దాటనివ్వదు.

ప్రొద్దుటూరు బ్యాండు మాస్టరు:
మీ నాన్నగారిని పంపించివేసినవారిది తప్పు గానీ, ఆయనకు నేర్పిన గురువుది కాదు. నా దగ్గరికి వచ్చే పిల్లలు నెల తిరిగేసరికి పెళ్లిలో ఊది ఇంటికి డబ్బు తీసుకెళ్లాలి. రెండు క్లెఫ్‌లు నేర్పేంత వ్యవధి నాకు ఎవరిస్తారు?

కడప కొత్త వాయిద్యగాడు:
ట్యూనర్ పెట్టి చూశాను. ఆ పంచమం నిజంగానే పైకి పోతోంది, పెదవితో ఆపలేకపోతున్నాను.

ప్రొద్దుటూరు బ్యాండు మాస్టరు:
మూడో వాల్వు గొట్టాన్ని కొద్దికొద్దిగా బయటికి లాగుతూ ఊదు. కుదిరిన చోట పెన్సిలుతో గీత పెట్టుకో.

అనంతపురం శ్రుతి:
ఆ స్వరానికి బేస్ క్లెఫ్‌లో పేరు ఎఫ్. అదే పెన్సిలుతో పుస్తకంలో రాసుకో తమ్ముడూ.