అప్‌డేట్: పాప నడక బండి చక్రాలు ఇప్పుడు పగలడం లేదు

పోయిన నెల అడిగాను కదా, ఇంట్లో చేసిన మూడు చక్రాల నడక బండికి చక్రాలు వారం తిరక్కుండానే ఎందుకు పగులుతున్నాయని. కర్ర పచ్చిదేమో అని చాలామంది అన్నారు, అది సగం కారణమే. నేను వేప కొమ్మను ముల్లంగి ముక్కల్లా అడ్డంగా కోశాను. ఇక్కడ ప్రొద్దుటూరులో మా వీధి వడ్లాయన ఆ ముక్కను చేతిలో తిప్పి, నడిమి నుంచి అంచు దాకా పోయిన పగులు మీద గోరు పెట్టి చూపించాడు: కర్ర ఆరేటప్పుడు నడిమి వైపు కన్నా చుట్టూ ఎక్కువ కుంచించుకుంటుందంట, అందుకే అడ్డంగా కోసిన బిళ్ల చీలుతుంది, అందులోనూ మన కడప జిల్లా ఎండలకు!

ఈసారి బాగా ఆరిన నల్లతుమ్మ పలకలోంచి కోశాను. 20 రోజులైంది, ఒక్క గీత రాలేదు. తుమ్మ గట్టిది, రంపం పట్టిన చెయ్యి రెండు రోజులు నొప్పి పుట్టింది.

పాప అన్నీ నోట్లో పెట్టుకుంటుంది కాబట్టి పెయింట్ మానేశాను. ఏటికొప్పాక బొమ్మలకు వాడేది లక్కే కదా, శుద్ధి చేసిన లక్క పలుకులు స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో మూడు పూతలు వేసి, వాసన పూర్తిగా పోయాకే ఇచ్చాం. ఇప్పుడు పొద్దున లేస్తే వసారా నుంచి వంటింటి దాకా తోసుకుంటూనే ఉంటుంది.