మొదటి ట్రాక్ డేకి స్టాక్ జీటీ86: ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

రెండోగేరు:

అందరికీ నమస్కారం. నా దగ్గర టొయోటా జీటీ86 ఉంది. మాన్యువల్ గేర్లు, మిగతాదంతా కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే. రోజూ ఆఫీసుకు అదే, సరుకులకూ అదే. మా కార్ క్లబ్ వాళ్లు వచ్చే నెల ట్రాక్ డే (రేస్ ట్రాక్ మీద పందెం లేకుండా ఎవరి కారు వాళ్లు నడుపుకునే రోజు) పెడుతున్నారంటే పేరు ఇచ్చేశాను. ఇచ్చినప్పుడు హుషారుగానే ఉంది, ఇప్పుడు టెన్షన్ మొదలైంది.

వీడియోలు చూస్తే ఒక్కొక్కరు కాయిలోవర్లు (సర్దుకోగలిగే సస్పెన్షన్), సెమీ స్లిక్ టైర్లు (రేస్ టైర్లకు దగ్గరివి), పెద్ద బ్రేకులు అంటున్నారు. ఎగ్జాస్ట్ మార్చకుండా వెళ్తే అక్కడ నవ్వుతారని మా తమ్ముడి గోల. నా దగ్గరున్న డబ్బుతో ఒకటే పని చేయించగలను. పైగా అదే కారులో ఇంటికి తిరిగి రావాలి, సోమవారం మళ్లీ ఆఫీసుకు వెళ్లాలి.

200 హార్స్‌పవర్‌తో అక్కడ అందరికీ అడ్డం అవుతానా? కారుతో వచ్చిన మిషెలిన్ ప్రైమసీ టైర్లే ఉన్నాయి, వాటితో నడుస్తుందా? స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారితే తనంతట తానే సర్దే సిస్టమ్) ఆపేయాలా? బైక్ హెల్మెట్ ఉంది, పనికొస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

బానెట్ ఎత్తండి:

ఒకటే పని అన్నారు కాబట్టి ఒకటే చెప్తాను. బ్రేక్ ఆయిల్ మార్పించండి. మిగతా లిస్టంతా పక్కన పెట్టేయండి.

క్లబ్ ట్రాక్ డేలకు పొద్దున్నే బండ్లు తనిఖీ చేసేవాళ్లలో నేనొకణ్ణి. బ్యాటరీ ఊగుతోందా, చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయా, సీటు కింద నీళ్ల సీసా దొర్లుతోందా అని చూసేది మేమే. మధ్యాహ్నానికి ఎవరు ముఖం వేలాడేసుకుని పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటికి) వస్తారో కూడా మాకు అక్కణ్ణుంచే కనిపిస్తుంది. ఇంజిన్ పోయి వచ్చేవాళ్లు అరుదు. "అన్నా, పెడల్ కిందికి పోతోంది" అంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లలో చాలామంది బండ్లకు ఎగ్జాస్ట్ మాత్రం కొత్తగా మెరుస్తుంటుంది. మీ తమ్ముడికి చెప్పండి.

ఎందుకిలా అవుతుందో లెక్క వేసుకోండి. కారు, మీరు కలిపి సుమారు 1300 కిలోలు అనుకుందాం. ఊళ్లో 60 వేగం నుంచి పూర్తిగా ఆగితే బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 180 కిలోజౌళ్లు. ట్రాక్‌లో స్ట్రెయిట్ చివర 180 నుంచి 80కి తగ్గితే అది 1300 కిలోజౌళ్లు. ఏడు రెట్లు, అదీ బండి ఇంకా కదులుతుండగానే. ఆ వేడితో దాదాపు నాలుగు లీటర్ల చన్నీళ్లు మరిగే దాకా తేవచ్చు. ఇదంతా ఒక్క మలుపు దగ్గర. ల్యాప్‌కి అలాంటి మలుపులు రెండో మూడో ఉంటాయి, సెషన్ ఓ ఇరవై నిమిషాలు నడుస్తుంది. రోడ్డు మీద బ్రేకులకు చల్లారే టైమ్ దొరుకుతుంది. ఇక్కడ దొరకదు.

ఆ వేడి డిస్కు నుంచి ప్యాడ్‌కి, ప్యాడ్ నుంచి దాన్ని డిస్కుకు నొక్కే క్యాలిపర్ పిస్టన్‌కి, అక్కణ్ణుంచి ఆయిల్‌కి పాకుతుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. కానీ దానికి తేమ పీల్చే గుణం ఉంది. అందులో 3.7 శాతం నీరు చేరాక ప్రమాణం అడిగేది 155 డిగ్రీలే. మరిగిందంటే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. మీరు పెడల్ తొక్కితే ఆ బుడగలే నలుగుతాయి, ప్యాడ్లకు ఒత్తిడి అందదు. 180లో ఉండగా ఆ సంగతి తెలుసుకోవడం అంత బాగుండదు.

కొత్త డబ్బా విప్పి పోసిన మామూలు డాట్ 4 అయినా మొదటిసారికి చాలామందికి సరిపోతుంది. ఇంకాస్త ధైర్యంగా ఉండాలంటే మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటిది పోయించండి, అది కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా మరగదు. డాట్ 5.1 కూడా మీ కారుకు వాడొచ్చు. డాట్ 5 జోలికి మాత్రం వెళ్లొద్దు. అంకె పక్కపక్కనే ఉంది కానీ అది సిలికాన్ ఆయిల్, మీ సిస్టమ్‌లో ఉన్నదానితో కలవదు.

ఇక పవర్ సంగతి. మీ గ్రూపులో అందరూ కొత్తవాళ్లే ఉంటారు. ఓవర్‌టేక్‌లు క్లబ్ చెప్పిన స్ట్రెయిట్లలోనే, అదీ ముందున్నవాళ్లు చెయ్యి చూపించి దారి ఇస్తేనే. వెనక పెద్ద బండి వస్తే అద్దంలో చూసి, చెయ్యి చూపించి, యాక్సిలరేటర్ కాస్త వదలండి. దారి ఇచ్చినవాళ్లను ఎవరూ తిట్టుకోరు. అద్దం చూడనివాళ్ల గురించే పాడాక్‌లో (బండ్లు నిలిపి సర్దుకునే చోట) మాట్లాడుకుంటారు.

ప్రైమసీ టైర్లు ఉంచేయండి. వాటి గ్రిప్ తక్కువే, మీకు కావాల్సింది అదే. తక్కువ వేగంలోనే, మెల్లగా, కీచుమంటూ జారడం మొదలుపెడతాయి. మీకు తెలుస్తుంది, సర్దుకోవడానికి టైమూ ఉంటుంది. సెమీ స్లిక్‌లు అలా కాదు. ఎక్కువ వేగం దాకా ఏమీ చెప్పకుండా పట్టి ఉంచి, వదిలినప్పుడు ఒక్కసారే వదులుతాయి.

ఇన్‌లైన్ సిక్స్:

పై పోస్టుతో ముప్పావు వంతు ఒప్పుకుంటాను. నాది బీఎండబ్ల్యూ ఎమ్2. బరువు 1500 కిలోల పైమాటే, వేగం కూడా ఎక్కువ. నా అనుభవంలో ఆయిల్ ఒక్కటే మారిస్తే చాలదు, ప్యాడ్లు కూడా మార్చాల్సిందే. రెండు రకాల ఫెయిల్యూర్లకీ తేడా తెలుసుకోండి. పెడల్ మెత్తగా కిందికి పోతే ఆయిల్ మరిగినట్టు. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి మాత్రం ఆగకపోతే ప్యాడ్లు వాటి హద్దు దాటినట్టు. రెండోదానికి ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా లాభం లేదు.

బానెట్ ఎత్తండి:

బండి బరువు బట్టి మీరన్నది నిజమే. కానీ ఈయన సోమవారం ఆఫీసుకు వెళ్లాలి. అసలైన ట్రాక్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టవు, ప్రతి సిగ్నల్ దగ్గరా అరుస్తాయి, చక్రాలన్నీ నల్లటి పొడి. 1300 కిలోల కారు, మొదటిసారి, కొత్త డ్రైవర్. కంపెనీ ప్యాడ్ సగానికి పైగా ఉంటే దాంతోనే వెళ్లొచ్చు. అంతకంటే అరిగి ఉంటే మార్చే రావాలి. ప్యాడ్ పల్చబడేకొద్దీ వేడి ఆయిల్‌కి త్వరగా చేరుతుంది. పెడల్ కాస్త లోతుగా అనిపించగానే ఓపిక పట్టకుండా ఆ ల్యాప్‌లోనే నెమ్మదించి పిట్‌లోకి వచ్చేయాలి.

రెండోగేరు:

చాలా థ్యాంక్సండీ ఇద్దరికీ. ఇవాళ పొద్దున మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన మూత తీసి చూసి, "ఆయిల్ తేటగానే ఉంది, ఎందుకు దండగ" అన్నాడు. ఆఖరుసారి ఎప్పుడు మార్చారో నాకు తెలియదు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఏం చేయమంటారు?

బానెట్ ఎత్తండి:

మార్పించండి. రంగు చూసి నీటి శాతం చెప్పడం ఎవరి వల్లా కాదు. పైగా ఆయన చూసింది పైన డబ్బాలో ఉన్న ఆయిల్. మరిగేది కింద క్యాలిపర్‌లో ఉన్నది. డబ్బాలోది పీకేసి కొత్తది పోస్తే సరిపోదు, నాలుగు చక్రాల దగ్గరా నిపుల్ విప్పి పాతదంతా బయటికి పోయేలా బ్లీడ్ చేయాలి. పక్కన నిలబడి చూసుకోండి.

అక్కడున్నప్పుడే ఇంజిన్ ఆయిల్ కూడా పైగీత దాకా ఉందో లేదో చూడమనండి. రోడ్డు మీద 7000 ఆర్‌పీఎమ్ దాకా మీరెప్పుడో కానీ వెళ్లరు. ట్రాక్‌లో సెషనంతా అక్కడే తిరుగుతుంది, పొడవాటి మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి తోసుకుపోతుంది. నీళ్ల వేడి చూపించే ముల్లు మధ్యలోనే ఉందని ధీమా పడొద్దు, ఆయిల్ వేడి అంతకంటే చాలా పైన ఉండొచ్చు. రెండు మూడు గట్టి ల్యాప్‌లు, తర్వాత ఒకటి మెల్లగా. మీకూ ఊపిరి తిరుగుతుంది.

పాతికేళ్ల లైసెన్స్:

ఎవరూ ఎత్తని రెండు విషయాలు.

హెల్మెట్ గురించి క్లబ్‌ని ముందే రాసి అడగండి. చాలా క్లబ్బులు స్నెల్ అనే సంస్థ కార్ రేసుల కోసం ఇచ్చే ఎస్‌ఏ రకం అడుగుతాయి, ఉదాహరణకు ఎస్‌ఏ2020. బైక్ హెల్మెట్‌కి ఉండేది ఎమ్ స్టిక్కర్. ఎస్‌ఏలో లోపలి గుడ్డ మంటకు తట్టుకోవాలి, రోల్ కేజ్ (రేస్ కారు లోపలి ఇనుప చట్రం) గొట్టానికి తల కొట్టుకునే పరీక్ష కూడా అదనంగా ఉంటుంది. కొన్ని క్లబ్బులు కొత్తవాళ్లకు ఎమ్ కూడా ఒప్పుకుంటాయి. చాలాచోట్ల అద్దెకు ఇస్తారు.

ఇన్సూరెన్స్ కాగితం మొత్తం చదవండి, ముఖ్యంగా వర్తించనివాటి జాబితా. "టైమ్ తీయరు కదా, రేస్ కాదు కదా" అని చాలామంది ధీమాగా ఉంటారు. ట్రాక్ అన్న మాటే చాలు అనే పాలసీలు ఎక్కువ. జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్‌లోని నార్డ్‌ష్లైఫే ట్రాక్ చూడండి. 20.8 కిలోమీటర్లు, జనాన్ని తిరగనిచ్చే గంటల్లో చట్టం ప్రకారం అది టోల్ కట్టి వెళ్లే వన్‌వే రోడ్డు, ట్రాఫిక్ రూల్సన్నీ వర్తిస్తాయి. అయినా దాన్ని పేరు పెట్టి మరీ మినహాయించే ఇన్సూరెన్స్ కంపెనీలున్నాయి. ఆ ఒక్కరోజుకి విడిగా కవర్ దొరికితే తీసుకోండి. దొరక్కపోతే, ఈ కారు గోడకు తగిలితే నేను తట్టుకోగలనా అని ఇంట్లో కూర్చుని ఆలోచించుకోండి. తట్టుకోలేనంటే ఆ మేరకు మెల్లగా నడపండి, అందులో నామోషీ ఏమీ లేదు.

రెండోగేరు:

పాలసీ చదివాను. మీరన్నట్టే ఉంది, "రేస్ ట్రాక్ మీద ఎలాంటి వాడకమైనా" అని. విడిగా కవర్ కోసం అడుగుతున్నాను. బ్రేక్ ఆయిల్ పని శనివారం. స్టెబిలిటీ కంట్రోల్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆపితేనే అసలు డ్రైవింగ్ తెలుస్తుందని ఆఫీసులో ఒకరు అన్నారు.

బానెట్ ఎత్తండి:

మొదటి రోజు మొత్తం ఆన్‌లోనే ఉంచండి. మీ జీటీ86లో వీఎస్‌సీ స్పోర్ట్ అని మధ్యస్థంగా ఒకటుంది. మధ్యాహ్నం తర్వాత ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని సరే అంటే దానికి మారండి, అంతవరకే. డ్యాష్‌బోర్డ్ మీద లైటు ఎక్కడ మెరుస్తోందో గమనించండి. మెరిసిన ప్రతిచోటా మీ చెయ్యో కాలో తొందరపడిందని అర్థం. ఒకే మలుపులో ప్రతి ల్యాప్‌కీ మెరుస్తుంటే ఇన్‌స్ట్రక్టర్‌ని ఆ మలుపు గురించే అడగండి. ఆ సిస్టమ్ పనిచేసేది కూడా ఒక్కో చక్రానికి బ్రేకు వేసే. అంటే లైటు మెరుస్తూనే ఉంటే మీకు తెలియకుండా బ్రేకులు ఇంకా కాగుతున్నాయన్నమాట.

మొదటి సెషన్‌లో చూపు గురించి తప్ప ఇంకేమీ ఆలోచించకండి. కొత్తవాళ్లందరూ బానెట్ ముందున్న తారు చూస్తూ నడుపుతారు. బ్రేకు తొక్కుతుండగానే కళ్లు మలుపు లోపలి అంచుకు వెళ్లాలి, అంచు దగ్గరికి వచ్చేసరికి బయటికి పోయే దారి మీద ఉండాలి. బ్రేకంతా బండి తిన్నగా వెళ్తుండగానే ముగించండి. మలుపులోకి కాస్త ఎక్కువ వేగంతో వచ్చానని భయం వేసినా యాక్సిలరేటర్ మీద కాలు టక్కున ఎత్తేయకండి. బరువంతా ముందుకు వాలి వెనక చక్రాలు తేలికవుతాయి, తోక తిరుగుతుంది. కాలు అలాగే ఉంచి, చూపు దారి మీదే ఉంచి, స్టీరింగ్ మెల్లగా తిప్పండి. భయపడినంత వేగం సాధారణంగా ఉండదు.

కూర్చోవడం కూడా సరిచూసుకోండి. వీపు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైన ఆనాలి. సీటు కొంచెం వెనక్కి జరిపి, బెల్టు గట్టిగా గుంజి లాక్ అయ్యాక, సీటు మళ్లీ ముందుకు జరిపితే బెల్టు ఒంటికి బిగుస్తుంది. నడుము కదలకపోతే స్టీరింగ్ పట్టుకుని వేలాడాల్సిన పని ఉండదు.

ఇన్‌లైన్ సిక్స్:

గాలి గురించి నేను కలుపుతాను. డోర్ దగ్గర స్టిక్కర్‌లో ఉన్న అంకెతో, టైర్లు చల్లగా ఉండగా మొదలుపెట్టండి. సెషన్ అయి రాగానే కొలిస్తే ఆరేడు పీఎస్‌ఐ పెరిగి ఉండటం మామూలే. టైరు అంచు మీద చాక్‌పీసుతో అడ్డంగా గీతలు గీసి పంపండి. సైడ్‌వాల్ మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, గీత అక్కడిదాకా చెరిగితే సరిగ్గా ఉన్నట్టు. దాన్ని దాటి చెరిగితే గాలి తక్కువ, దాకా రాకపోతే ఎక్కువ. వేడిగా ఉన్నప్పుడు గాలి తీసి ఉంటే, ఇంటికి బయల్దేరేముందు చల్లారాక మళ్లీ స్టిక్కర్ అంకెకు నింపాలి. చిన్న పంపు వెంట పెట్టుకోండి.

పిట్‌లోకి రాగానే హ్యాండ్‌బ్రేక్ లాగకండి. కాగిన బ్రేకు ఒకే చోట కరుచుకుని ఉంటే దెబ్బతినొచ్చు. గేర్లో వదిలేసి చక్రానికి ఏదైనా అడ్డం పెట్టండి.

రెండోగేరు:

చివరిగా ఒక చిన్న సందేహం. బూట్‌లో స్పేర్ టైరు, జాకీ ఉన్నాయి. తీసేసి ఇంట్లో పెట్టి రావాలా, అక్కడికి వచ్చాక దించాలా?

బానెట్ ఎత్తండి:

వెంట తీసుకురండి, పాడాక్‌లో దించండి, వెళ్లేటప్పుడు ఎక్కించుకోండి. ఇంటిదారిలో పంక్చర్ అయితే ఎవరు చూస్తారు? టూల్స్‌తో పాటు కొక్కెంలా ఒక టో హుక్ ఉంటుంది. దాన్ని తీసి బంపర్‌లో ఉన్న చిన్న మూత ఊడదీసి, మర ఎటు తిరుగుతుందో ఇంటి దగ్గరే బిగించి చూసుకోండి. ట్రాక్ పక్కన గ్రావెల్‌లో (కంకరలో) దిగబడ్డాక వెతుక్కునే పని పెట్టుకోవద్దు. ఫ్లోర్ మ్యాట్లు కూడా తీసేయండి, పొద్దున నేను ఎలాగూ తీయిస్తాను.