రివర్బ్ ఎక్కువైతే పాట మునిగిపోదా?

బైరాగిపట్టెడ శ్రోత: ఆస్ట్రేలియా రాక్ ప్రాజెక్ట్ టేమ్ ఇంపాలా 2012 ఆల్బమ్ ‘లోనరిజం’ విన్నాను. దాని వెనకున్న కెవిన్ పార్కర్ దాదాపు అంతా ఒక్కడే వాయించి రికార్డు చేశాడు, అది గొప్పే. కానీ గొంతు ఎక్కడో నీళ్ల కింది నుంచి వస్తున్నట్టుంది. ఇంత రివర్బ్, అంటే శబ్దం ఆగాక కూడా సాగే మోత, లోపాల్ని కప్పిపుచ్చడానికి కాదా? అన్నమయ్య పదాలు వింటూ పెరిగిన ఊరు మనది. మాట తెలియని పాట నాకు పాట కాదు.

ఎమ్మార్‌పల్లి గిటార్: కప్పిపుచ్చడం అంటే ఒప్పుకోను అన్నా. శ్రుతి తప్పిన స్వరం రివర్బ్‌లో దాగదు, సాగి సాగి తర్వాతి స్వరం మీద పడి ఇంకా చెడ్డగా వినిపిస్తుంది. నా గిటార్ ఆంప్‌లో స్ప్రింగ్ రివర్బ్ (స్ప్రింగుల కదలికతో పుట్టే మోత) ఉంది. నాబ్ సగం దాటిస్తే, కార్డు (కలిపి మీటే స్వరాల గుంపు) మార్చాక కూడా పాతది మోగుతూనే ఉంటుంది. అందుకని కార్డులు తగ్గించి, ఒక్కోదాన్ని ఎక్కువసేపు నిలబెడతాను. అంటే పాట కట్టే తీరే మారిపోతుంది. ఇది చివర్లో చల్లే కొత్తిమీర కాదు.

చిత్తూరు సౌండ్: శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయమే రివర్బ్ టైమ్. మాటలకు సెకను లోపు ఉంటే మేలు, ఆర్కెస్ట్రాకు 2 సెకన్ల దాకా బాగుంటుంది. టైల్స్ నేల, బోసి గోడల కల్యాణ మండపం జనం రాకముందే తెగ మోగుతుంది. అందులో ఇంకా రివర్బ్ పెంచమంటారు కుర్రాళ్లు! తెలుగుకు ఇంకో ఇబ్బంది ఉంది. ‘గట్టిగా’ అన్నప్పుడు ‘ట్టి’ పలికేముందు చిన్న ఖాళీ వస్తుంది. రివర్బ్ ఆ ఖాళీని నింపేస్తే ఒత్తు పోతుంది. ప్రీ-డిలే, అంటే గొంతుకూ మోతకూ మధ్య ఎడం, ఓ 50 మిల్లీసెకన్లు పెట్టి చూడండి. గొంతు ముందు పొడిగా వస్తుంది, మోత వెనకాల వస్తుంది.

బైరాగిపట్టెడ శ్రోత: ఆ ప్రీ-డిలే సంగతి పార్కర్‌కు తెలియదా? తెలిసీ మాటను ముంచాడు. నా అభ్యంతరమే అది.

ఎమ్మార్‌పల్లి గిటార్: కావాలనే ముంచాడు, నిజం. 1991లో మై బ్లడీ వాలెంటైన్ బ్యాండ్ వాళ్లు ‘లవ్‌లెస్’ ఆల్బమ్‌లో గొంతును గిటార్ల వెనక్కి తోసేశారు. అక్కడ గొంతు కూడా ఒక వాయిద్యమే. రాగాలాపనలో మాటలుండవని కచేరీ నుంచి లేచి వెళ్లిపోతామా?

బైరాగిపట్టెడ శ్రోత: ఆలాపనలో ప్రతి గమకం విడిగా వినిపిస్తుంది. రివర్బ్‌లో మొదట చెదిరేది ఆ గమకమే కదా?

ఎమ్మార్‌పల్లి గిటార్: అది మాత్రం ఒప్పుకోవాల్సిందే. మేం చేస్తున్న తెలుగు పాటలో చరణాలకు పొడి గొంతే ఉంచాం, హమ్మింగ్‌కు మాత్రం ప్లేట్ రివర్బ్ (లోహపు రేకు మోతలాంటిది) పెట్టాం. ఆదివారం రఫ్ మిక్స్ (తుది మెరుగులు దిద్దని రికార్డింగ్) ఇక్కడే పెడతాను. ఎక్కడ మాట పోయిందో, ఎన్నో నిమిషంలో పోయిందో రాయండన్నా.